రెండు పేజీల ఆకలి

బూర్గంపాడు
జూన్ 9

రామ్‌చందర్,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. పేరుతో సరిపెట్టుకో. ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి పక్కనున్న వాళ్ళందరికీ వినిపిస్తావు, అందుకని కాగితం. ఇది కూడా వినిపించాలనుకుంటే వినిపించు. గట్టిగా చదువు.

విషయం నీ మేనకోడలు హేమలత పుస్తకం. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఇమడలేక ఓడలెక్కి అమెరికా తీరంలో దిగిన ప్యూరిటన్ల రాతల మీద, వాళ్ళ డైరీలు, ప్రసంగాలు, చావు పద్యాల మీద, తెలుగులో ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళు నాకు కనపడలేదు. ముప్పై ఏళ్లు కాలేజీలో అమెరికన్ సాహిత్యం చెప్పాను. ఆ మొదటి పాఠాలు రాగానే పిల్లలు "పరీక్షకు రాదు సార్" అనేవాళ్ళు. పిల్లలేం ఖర్మ, నాతోటి లెక్చరర్లూ అంతే. ఆ పాఠాలు నిజంగా చదివింది ఈ ఒక్క పిల్ల. భద్రాచలంలో జూనియర్ కాలేజీ ఉద్యోగం చేస్తూ, ఒక్కో అధ్యాయం రాసుకుని బ్రిడ్జి దాటి నా దగ్గరికి తెచ్చేది.

పుస్తకం అచ్చు కోసం మీ ట్రస్టుకు పంపింది. మీ జవాబు నాకు చూపించింది. "రచన ప్రామాణికంగా ఉన్నది. అయితే తండా నుండి వచ్చిన రచయిత్రిగా తాను అనుభవించిన పేదరికాన్ని, ఆకలిని రెండు పేజీలలో ముందు చేర్చవలెను. ఆవిష్కరణ సభలో వాటిని స్వయంగా వినిపించవలెను. అప్పుడే ముద్రణ." కింద అధ్యక్షుడి సంతకం. నీది.

"సార్, పాస్టర్ల పద్యాల గురించి రాసిన పుస్తకానికి నా ఆకలి ఎందుకు? అసలు నాకు ఆకలి ఎప్పుడైంది?" అని అడిగింది. జవాబు నీ దగ్గర ఉంటుందని రాస్తున్నాను.

ఆమె రెండో అధ్యాయం చదివే సంతకం పెట్టావా? ఆ ప్యూరిటన్ల చర్చిలో సభ్యత్వం కావాలంటే బైబిల్ తెలిస్తే చాలదు, మంచిగా బతికితే చాలదు. సభ ముందు నిలబడి తన లోపలి కథ చెప్పాలి. ముందు నేను పాపిని అనాలి, తర్వాత నాకిక దిక్కులేదు అనాలి, చివరికి దేవుడు చెయ్యందించాడు అనాలి. ఈ వరస తప్పితే నమ్మరు. లోపల కూర్చున్నవాళ్ళు విని, తృప్తి పడితేనే తలుపు తీస్తారు. తర్వాత అక్కడి అడవి మనుషుల్ని కూడా అలాగే నిలబెట్టి చెప్పించారు, వాళ్ళ మాటల్ని తమ భాషలోకి మార్చి లండన్‌లో అచ్చు వేసుకున్నారు. చూడండి, మేమెంత గొప్ప పని చేస్తున్నామో అని.

ఇదంతా విడమరచి రాసిన మనిషికే నువ్వు అదే తలుపు చూపిస్తున్నావు. ఉత్తరం చదివాక నోరు పుక్కిలించుకోవాలనిపించింది.

ఆ షరతు తీసెయ్యి. పుస్తకాన్ని పుస్తకంలా అచ్చు వెయ్యి.

జహూర్


ఖమ్మం
జూన్ 21

జహూర్ భాయ్,

సలాం. నువ్వు చెప్పినట్టే గట్టిగా చదివాను. "ఎవరు తాతా, గింత మంచిగ తిడుతున్నరు?" అని నా మనవరాలు అడిగింది. మా దోస్తు అన్నాను. నమ్మలేదు.

రిటైరై ఇన్నేళ్లయినా నీ కోపం రిటైర్ కాలేదు. సంతోషం. ఇప్పుడు విషయం విను. షరతు ఒక్క హేమకు పెట్టింది కాదు. ట్రస్టు వేసే ప్రతి తొలి పుస్తకానికీ ఉన్నదే. కార్యదర్శి శ్రీనివాస్ అన్న మాట యథాతథంగా రాస్తున్నాను. "సార్, అమెరికా పాస్టర్లను మన దగ్గర ఎవరు కొంటరు? అమ్మాయిని చూసి కొంటరు." మాట మొరటుగా ఉంది కానీ తప్పు చెప్పమను చూద్దాం.

మా పుస్తకం జిల్లాలోని ప్రతి గ్రంథాలయానికీ, కాలేజీకీ వెళ్తుంది. హేమకు కావలసింది అదే కదా? ఎవరో పిల్లవాడు అలమర్లోంచి తీసి చదవాలి. ఆ పిల్లవాడి కోసం రెండు పేజీలు రాస్తే అరిగిపోతుందా? నేను నలభై ఏళ్లుగా ప్రతి సభలో చెబుతూనే ఉన్నాను. ఏం అరిగిపోయాను?

ఆ మొండితనం మా ఇంటిది కాదు, నీ దగ్గర నేర్చింది. నువ్వే తగ్గించు. వాళ్ళమ్మ పూలి అక్కను కూడా ఒకసారి పలకరించు. మోకాళ్ళ నొప్పులంటోంది, దవాఖానాకు పొమ్మంటే వినడం లేదు.

నీ
రామ్‌చందర్


బూర్గంపాడు
జూలై 18

రామ్‌చందర్,

పలకరించాను. నువ్వు పొమ్మన్నావని కాదు, హేమలత తీసుకెళ్లింది.

చండ్రుగొండ దాటి మీ తండాలోకి పోయేసరికి నీ అక్క పామాయిల్ తోటలో గెలలు ఎత్తించే ట్రాక్టర్ డ్రైవర్‌ను దులిపేస్తోంది. నన్ను చూసి, "రా సారూ! నా తమ్ముడు బతికే ఉన్నడా? ఫోన్ల మాట్లాడుతడు గని మొకం చూపియ్యడు" అంది. మోకాళ్ళ సంగతి అడిగితే, "నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్. ఈ గెలలు కోసేటోళ్ళ చేతులే నొస్తున్నయట, గంటకోపాలి కూసుంటరు" అంది.

నీ షరతు సంగతి హేమలత వాళ్ళమ్మకు చెప్పలేదు. "చెప్తే కర్ర తీసుకుని ఖమ్మం పోతది సార్" అంది. ఆ ఇంట్లో వంట నలుగురి కోసం మొదలుపెడితే పదిమందికి సరిపోతుంది. తోటలో పనిచేసేవాళ్ళు, దారినపోయేవాళ్ళు, నాలాంటి పనిలేని ముసలాళ్ళు, ఎవరొచ్చినా పళ్ళెం ముందుకొస్తుంది. వద్దంటే నీ అక్క దాన్ని తిట్టుగా తీసుకుంటుంది. ఇది నాకంటే నీకే బాగా తెలుసు.

హేమలత రెండు పేజీలు రాసిచ్చిందిలే, నీకు చేరే ఉంటాయి. మా ఇంట్లో రెండు ట్రాక్టర్లు ఉండేవి, మా నాన్న హీరాలాల్ నన్ను రోజూ బడికి బండి మీద దింపేవాడు, ఇంటర్‌లో ఫిజిక్స్ అర్థంకాక ఇంగ్లిష్ తీసుకున్నాను, ఇదీ ఆమె రాసింది. చదివి హాయిగా నవ్వుకున్నాను. మీ శ్రీనివాస్ వెనక్కి పంపాడు. "అనుభవంలో తీవ్రత సరిపోలేదు" అట! ఆ చర్చి పెద్దలు కూడా ఇదే అనేవాళ్ళు, నీలో పశ్చాత్తాపం ఇంకా పండలేదు, ఇంటికి పోయి మళ్ళీ రా అని. వాళ్ళకు నరకం అంటే నిజంగా భయం ఉండేది. మీకు ఆ భయం కూడా లేదు. మీకున్నది ఒక సభ, ఒక శాలువా, ఒక గ్రూప్ ఫొటో.

అడిగావు కనుక చెబుతున్నాను, నువ్వు ఏం అరిగిపోయావో. "ఆకలితో చదువుకున్నాను, అడవి గడ్డలు తిని పరీక్ష రాశాను" అని నువ్వు మైకులో చెప్పడం నేను ఎన్ని ఊళ్లలో విన్నానో! ఖమ్మంలో కిరాయి గదిలో నీతో మూడేళ్లు పడుకున్నవాణ్ణి నేను. మీ అమ్మ పోయాక నిన్ను సాకింది పూలి అక్క. వారం వారం బస్సు డ్రైవర్ చేత మూట పంపేది. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, సీసాలో నెయ్యి. సగం నేనే తిన్నాను. మీ నాయనకు బొగ్గుగనిలో నెల జీతం. మన గదిలో ఆకలితో ఉన్నవాడు ఎవరైనా ఉంటే అది నేను. మా అబ్బా కుట్టు మిషన్ మీద తొమ్మిదిమంది బతికేవాళ్ళం. నేను ఎక్కడైనా చెప్పానా?

ఆ అబద్ధం తింటూ పెరిగినవాడివి నువ్వు. ఇప్పుడు ఆ పిల్లకూ అదే తినిపిస్తావా?

జహూర్


ఖమ్మం
ఆగస్టు 10

జహూర్ గారికి,

మీ ఉత్తరం అందింది. దీన్ని ఎవరికీ వినిపించలేదు.

మీకు జ్ఞాపకశక్తి బాగానే ఉంది. నెయ్యి సీసా దాకా గుర్తుంది. అయితే ఆ తర్వాతి సంగతి కూడా గుర్తుండాలి.

ఎం.ఏ. అయిపోయిన ఏడాది మీరు నడిపే సాహిత్య గోష్ఠిలో నేను ఒక పేపర్ చదివాను. ఆ ప్యూరిటన్ల చావు పద్యాల మీద. పోయినవాడి పేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి, అందులో దేవుడి ఉద్దేశం వెతికే పద్యాలు. నాకు వాటిమీద పిచ్చి ఉండేది. పసిబిడ్డ పోయిన తండ్రి, ఏడవడం కూడా దేవుడి మీద ఫిర్యాదు అవుతుందేమోనని భయపడి, ఆ ఏడుపును లెక్క తప్పని చరణాల్లో కుక్కడం. మా అమ్మ పోయినప్పుడు మా నాయన అలాగే ఉన్నాడు. అందుకే ఆ పద్యాలు నాకు పట్టుబడ్డాయి. మీ గోష్ఠిలో ఎవరూ వినలేదు. ఒకాయన నిద్రపోయాడు. పేపర్ మధ్యలో మీరే లేచి, "రామ్, ఇవన్నీ మేం చదివినవే. నీ తండా గురించి ఏమన్నా చెప్పు. అందరూ వింటారు" అన్నారు.

చెప్పాను. చదువుకు మా నాయన డబ్బు పంపేవాడని చెప్పాను. ముఖాలు వాడిపోయాయి. అప్పుడు అడవి గడ్డల మాట వచ్చింది. అది నేను తిన్నది కాదు, మా తాత కరువునాడు తిన్నది. గది మొత్తం లేచి కూర్చుంది. నిద్రపోయినాయన నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మొదట చప్పట్లు కొట్టింది మీరు. కడుపులో మా అక్క రొట్టె పెట్టుకుని కొట్టారు.

యూనివర్సిటీలో పరిశోధనకు పోతే, చావు పద్యాల మీద చేస్తానన్నాను. "మీ వాళ్ళ పాటల మీద చెయ్యి నాయనా, సీటు ఖాయం" అన్నారు. చేశాను. ఆ పద్యాల నోట్సు ఎక్కడుందో నాకే తెలియదు.

తలుపు దగ్గర నేను ఒక్కణ్ణే కూర్చున్నట్టు రాశారు. లోపల కూర్చుని విన్నవాళ్ళలో మీరు ముందు వరసలో ఉన్నారు.

మీకు తెలియని ఇంకో సంగతి. హేమ పుస్తకాన్ని కమిటీలో నలుగురూ వద్దన్నారు. "లంబాడా అమ్మాయికి ఈ విషయమెందుకు" అన్నారు. నాడు నాకు చెప్పిన మాటనే. అందరికీ ఉన్న ఆ రెండు పేజీలు హేమ చేత కూడా రాయిస్తానని నేను ఒప్పించాను. గేటు ఎవరు కట్టారో నాకు తెలుసు, తాళం ఏదో కూడా తెలుసు. నా మేనకోడలి చేతిలో తాళంచెవి పెట్టాను. మీరు దాన్ని అసహ్యించుకునే తీరిక ఉన్నవారు.

రామ్‌చందర్


బూర్గంపాడు
సెప్టెంబర్ 30

రామ్‌చందర్,

'గారు' తీసెయ్యి. నీ నోట అది శాలువా కప్పినట్టుంది.

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి కాగితం ముందేసుకుని చాలాసార్లు లేచాను. గోష్ఠి సంగతి నాకు వేరేగా గుర్తుంది. నువ్వు వణుకుతున్నావు, నిన్ను గట్టెక్కించాననుకున్నాను. పోనీ నీకు గుర్తున్నట్టే ఉండనీ. దానికోసం ఇప్పుడు నీ ముందు పాపి వేషం కట్టను. ఆ వరస నాకు తెలుసు, అది చదివీ చదివీ రోత పుట్టింది.

జరిగింది రాస్తాను. నీ ట్రస్టు అక్కర్లేదు, మనమే వేద్దామని హేమలతకు చెప్పాను. భద్రాచలంలో మా తమ్ముడి కొడుకు అద్నాన్‌కు ప్రెస్ ఉంది. పెళ్లికార్డులు, కరపత్రాలు వేస్తాడు, పుస్తకం కూడా వేయగలడు. కాగితం ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. నా షరతు ఏమీ లేదు. ముందుమాట మాత్రం నేను రాస్తానన్నాను. గురువు రాయడం ఆనవాయితీ. ఆనవాయితీ అంటే గుర్తొచ్చింది, మన దగ్గర కొత్త రచయిత పుస్తకం తెరిస్తే అసలు పుస్తకం దొరకడానికి ఎంతసేపు పడుతుంది? నలుగురు పెద్దమనుషుల ముందుమాటలు దాటాలి, ప్రతివాడూ తన గురించి రాసుకున్నదే. నేను అలా రాయలేదు. తెలుగు సాహిత్య సభల మీద, ట్రస్టుల మీద, శాలువాల మీద నలభై ఏళ్లుగా కడుపులో ఉన్నది రాశాను.

హేమలత వరండాలో కూర్చుని చదివింది. మా ఆవిడ ఇస్మత్ తెచ్చిన చాయ్ చల్లారేదాకా చదివింది.

"సార్, నా పేరు మొదటి పేజీల ఒక్కపాలి వచ్చింది. ఆ తర్వాత అంతా మా మామనే."

"నీ పుస్తకాన్ని ఆపింది ఆయనే కదమ్మా."

"పాస్టర్లు ఆడవాళ్ళ పుస్తకాలకు ముందుమాటలు ఎట్ల రాసిన్రో మీరే నాకు చెప్పిన్రు సార్. ఈమె మంచిది, మేం చెప్పినట్టు వింటది, ఈమె రాసింది మా మాటకు సాక్ష్యం అని. ఇది కూడా గట్లనే ఉంది."

కాగితాలు పక్కన పెట్టి ఆమే అంది. "మీ దగ్గర ఫీజుంది, మామ దగ్గర ఫీజుంది. మామ ఫీజు రెండు పేజీలే. మీది చాన ఎక్కువ."

ఇస్మత్ లోపలినుంచి నవ్వింది. నా ఇంట్లోనే.

"అద్నాన్ వేస్తే పుస్తకం నా మంచం కిందనే ఉంటది సార్. నాకు అది చదివేటోళ్ళ చేతిల పడాలె. మీ ఇద్దరి ఇజ్జత్‌తోని నాకు పనిలేదు" అని బండి స్టార్ట్ చేసుకుని పోయింది.

పోయినవారం ఆ రెండు పేజీలు మళ్ళీ కొత్తగా రాసి నాకు పంపింది. నీకూ అందే ఉంటాయి. రామ్‌చందర్, చదివావా? ఎంత బాగా రాసింది! ముందు సిగ్గు, తర్వాత చీకటి, ఆఖర్న బడి గంట మోగడం. ఆ వరస ఎక్కడా తప్పలేదు. పొయ్యిలో నిప్పు లేని ఇల్లు. బిడ్డకు నీళ్ళు తాగించి జోకొట్టే తల్లి. ఆరేళ్లపాటు వాళ్ళ సాక్ష్యాలు చదివిన మనిషికి సాక్ష్యం రాయడం రాకుండా ఉంటుందా? ఇంతకంటే అసహ్యమైంది నా శిష్యురాళ్ళలో ఎవరూ రాయలేదు, ఇంత బాగా కూడా ఎవరూ రాయలేదు.

నేను సభకు రాను. నువ్వు వేదిక ఎక్కుతావు, ఎక్కు. ఒక్కటి మాత్రం చెయ్యి. పూలి అక్కను అక్కడికి రానివ్వకు. ఆమెకు చదువు రాదు, పుస్తకంలో ఏముందో తెలియకుండా పోతుంది. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

జహూర్


ఖమ్మం
డిసెంబర్ 3

జహూర్,

అక్కను ఆపలేకపోయాను. నాకు తెలియకుండా శ్రీనివాస్ తండాకు కారు పంపాడు. "తల్లి కూడా వేదిక మీద ఉంటే నిండుగ ఉంటది సార్" అన్నాడు. నేను హాలుకు చేరేసరికి ఆమె మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. పెళ్లికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. బిడ్డ పుస్తకం కదా.

నేనే మొదట మాట్లాడాలి. అక్కను చూసి గడ్డల మాట మింగేద్దామనుకున్నాను. నలభై ఏళ్ల అలవాటు, జహూర్. నోరు తనంతట తానే పోయింది. "మా ఇంట్లో పిడికెడు అన్నం ఉండేది కాదు" అన్నాక వెనక్కి చూశాను. అక్క నన్నే చూస్తోంది. ఎవరి ఇంటి సంగతి చెబుతున్నాడా అన్నట్టు చూసింది.

తర్వాత హేమ చదివింది. కాగితంలోంచి తల ఎత్తకుండా చదివింది. నీళ్ళు తాగించి జోకొట్టే తల్లి దగ్గరికి రాగానే అక్క లేచి నిలబడింది. "అబద్ధం! నా ఇంట్ల పిల్ల ఏనాడు ఉపాసం పండలే! ఊరందరికి పెట్టిన, నా బిడ్డకు పెట్టనా?" అని అరిచింది. మైకు దూరంగా ఉంది. ముందు వరసలకు మాటలు వినిపించాయి, వెనక వాళ్ళకు ఒక తల్లి ఏడుపు వినిపించింది. విన్నవాళ్ళు కూడా, పాపం బీదరికాన్ని ఒప్పుకోలేని ఆత్మాభిమానం అనుకున్నారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె అరుస్తున్న కొద్దీ కొట్టారు. శ్రీనివాస్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి శాలువా కప్పాడు. అక్క దాన్ని తీసి కుర్చీ మీద పడేసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. అధ్యక్షుణ్ణి నేను, మైకు నా ముందే ఉంది. ఆమె చెప్పింది నిజం అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

తెచ్చిన పుస్తకాలన్నీ ఆ సాయంత్రమే అమ్ముడుపోయాయి. హేమకు ఫోన్లు వస్తున్నాయి. "మామా, అందరు ఆ రెండు పేజీల గురించే మాట్లాడుతున్నరు. మొదటి అధ్యాయం దాకా ఎవరన్న పోయిన్రా?" అని నిన్న అడిగింది. పోయినవాళ్ళు నాకు తగల్లేదు.

ట్రస్టు వాళ్ళు రెండో ముద్రణ వేస్తారట. అట్ట మీద తల్లి ఫొటో కావాలన్నారు, గుడిసె ముందు. స్లాబు ఇల్లు అని చెబితే, పశువుల కొట్టం ముందైనా పర్లేదన్నారు. ఫొటో అడగడానికి కాదు, వద్దని చెప్పాననే మాట చెప్పడానికి పొద్దున హేమను వెంటబెట్టుకుని తండాకు పోయాను. మధ్యాహ్నమైంది. అక్క గడపలో కూర్చుని ఉంది. లోపల వంట అయిపోయింది, వాసన వస్తోంది. తోటలో పనిచేసేవాళ్ళు తిని చేతులు కడుక్కుంటున్నారు.

హేమ పక్కన కూర్చోబోయింది. అక్క జరగలేదు. హేమ లేచి పోయి బండి దగ్గర నిలబడింది.

నేను చెప్పేదంతా అక్క విన్నది. తర్వాత మా భాషలో అడిగింది. నీకోసం తెలుగులో రాస్తున్నాను.

"గిన్నేండ్ల సంది గిదే చెప్తున్నవారా? ప్రతి ఊర్ల?"

"అవ్ అక్కా."

"నేను నీకు పెట్టలేదని?"

"నువ్వు పెట్టలేదని కాదక్కా. ఇంట్ల లేదని."

"ఇంట్ల ఉన్నది నేను గాదురా?"

నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఆమె దగ్గర తినొచ్చని. అది నా ముఖంలోనే కనపడి ఉంటుంది. అక్క లేచి లోపలికి పోయి, గిన్నెల మీద మూతలు పెట్టి, వంటింటి తలుపు దగ్గరికేసి వచ్చింది.

"ఆకలైతుందా?"

"అవ్ అక్కా."

"పిల్లకు?"

"దానికి కూడా."

"మంచిది. గిట్లనే పోండ్రి. ఇగ యాడికన్న పోయి చెప్పుకోండ్రి, నిజమే ఐతది."

రామ్‌చందర్